గంట నడుస్తున్నా బరువు తగ్గట్లేదంటే తప్పు నడకది కాదండి

ముందు మీరు రాసింది ఒకసారి చెప్పేసుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుద్ది. వయసు 42, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, మొదట్లో బరువు 84. 4 నెలల నుంచి వారానికి 6 రోజులు కేబీఆర్ పార్క్‌లో గంట వాకింగ్, అయ్యాక బ్యాచ్‌తో టిఫిన్, రాత్రి అన్నం మానేసి చపాతీ. తగ్గింది మాత్రం కిలోన్నరే. హెచ్‌బీఏ1సీ (3 నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) 6.1, అంటే షుగర్ అంచుల్లో ఉన్నట్టు, స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. ఇంట్లో మేడమ్ గారేమో ఈ నడక దండగ, జిమ్‌లో చేరండి అంటున్నారు, ఆఫీస్‌లో ఫ్రెండేమో వ్యాయామం అక్కర్లేదు, అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె తాగు, నెలకి 10 కిలోలు పోద్ది అంటున్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నేను డైటీషియన్‌నండి, విజయవాడలో చాలా ఏళ్ల నుంచి షుగర్, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లతోనే నా పని. ఇదే ప్రశ్న, కాస్త అటూ ఇటూగా, వారంలో ఎంతమంది అడుగుతారో లెక్కే లేదు. నా మాట ఏంటంటే ఇద్దరి మాటా సగం సగమే కరెక్ట్, నడక మాత్రం ఆపొద్దు. నడక తన పని తాను చేస్తానే ఉంది, మీరు దానికి అప్పజెప్పింది వేరే పని, అది వంటింట్లో జరగాల్సిన పని.

లెక్క చూడండి. 84 కిలోల మనిషి గంట కాస్త స్పీడ్‌గా నడిస్తే సుమారు 300 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో ఆ గంట సోఫాలో కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యేది ఓ 80 దాకా ఉంటది, అది తీసేస్తే నడక వల్ల అదనంగా పోయింది 220, 230. నెలకి 25 రోజులు అనుకుంటే 5,500 పైచిలుకు. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు కావాలి అనేది మేం వాడే మోటు లెక్క. అంటే నెలకి ముప్పావు కిలో, 4 నెలలకి 3 కిలోలు, అది కూడా తిండి ఒక్క ముద్ద కూడా పెరగకపోతే. మీకు కిలోన్నర తగ్గింది కదా, అంటే సగం దక్కింది, మిగతా సగం ఎక్కడో వెనక్కి వచ్చేసింది. నిజం చెప్పాలంటే చాలామందికి ఈ సగం కూడా దక్కదు, కొంతమంది వాకింగ్ మొదలుపెట్టాక కిలో పెరిగి మరీ వస్తారు నా దగ్గరికి.

ఎక్కడ వెనక్కి వచ్చిందో మీరే రాశారు, వాకింగ్ అయ్యాక బ్యాచ్‌తో టిఫిన్ అని. ఈసారి టిఫిన్ సెంటర్‌లో పెనం దగ్గర నిలబడి చూడండి, దోశ పోశాక మాస్టారు చిన్న గరిటెతో చుట్టూ నూనె తిప్పుతాడు, తిప్పాక మధ్యలో ఇంకొంచెం, నెయ్యి కారం దోశ అయితే కారం పొడి జల్లి దాని మీద మళ్లీ నెయ్యి. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే 120 క్యాలరీలు, అంటే మీ అరగంట నడక ఆ గరిటె తిప్పిన తిప్పుడుకే సరిపోయింది, దోశా పల్లీ చట్నీ ఇంకా లెక్కలోకే రాలేదు. ఇడ్లీ అయితే ఒక్కోటి సైజుని బట్టి 50, 60, దాంతో పెద్ద గొడవ లేదు, కానీ ఇడ్లీ ఒక్కటే తిని లేచే బ్యాచ్‌ని నేనైతే చూడలేదు, పక్కన ఒక వడ, చివర్లో టీ ఉండాల్సిందే. రోజూ టిఫిన్ తినొద్దని కాదండి, నడిచాం కదా అని మనసులో ఒక పర్మిషన్ ఇచ్చేసుకుంటాం చూడండి, దాని దగ్గరే మొత్తం పోద్ది. ఇంకోటి కూడా జరుగుద్ది, ఇది ఎవరూ గమనించరు: పొద్దున గంట నడిచినవాళ్లు మిగతా రోజంతా తెలియకుండానే తక్కువ కదులుతారు, లిఫ్ట్ ఎక్కుతారు, సాయంత్రం కూరగాయలకి బండి తీస్తారు. ఒళ్లు కూడా ఖర్చు చేసినదాంట్లో కొంత అలా మిగుల్చుకుంటది.

ఇప్పుడు ఇంట్లో నూనె. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ మేం నూనె చాలా తక్కువ వాడతామండి అనే చెప్తారు, అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకుంటారు. అందుకే నేను ఒకటే చేయమంటా, కొత్త నూనె క్యాన్ తెరిచిన రోజు పెన్నుతో దాని మీద డేట్ రాయండి, అయిపోయిన రోజు మళ్లీ చూడండి. 4గురున్న ఇంట్లో 5 లీటర్ల క్యాన్ నెలకి అయిపోయిందంటే మనిషికి రోజుకి 38 గ్రాములు, దాదాపు 340 క్యాలరీలు, అందులో పిల్లలు తినేది తక్కువ కాబట్టి మీ వాటా ఇంకా ఎక్కువే. బయట తినేది దీనికి అదనం. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో 2000 క్యాలరీల భోజనానికి నూనె నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అన్నారు. 38ని 27కి తెస్తే రోజుకి 100 క్యాలరీలు తగ్గినట్టే, ఎవరూ ఆకలితో మాడక్కర్లేదు, వంకాయ కూరలో నూనె తేలకపోతే రుచి రాదు అనేవాళ్లకి మాత్రం ఓ నెల కష్టంగా ఉంటది. గరిటెతో పోయడం మానేసి స్పూన్‌తో కొలిచి పోయండి, అంతే.

ఇక చపాతీ. అన్నం మానేసి చపాతీ తింటే బరువు తగ్గుద్ది, షుగర్ తగ్గుద్ది అని మన రెండు రాష్ట్రాల్లో ఎవరు మొదలుపెట్టారో గానీ బాగా నాటుకుపోయింది. బియ్యం 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, రెండిట్లో క్యాలరీలకి పెద్ద తేడా ఏం ఉండదు, పిండిలో పీచు, ప్రొటీన్ కాస్త ఎక్కువ, అంతే. మన ఇళ్లల్లో చపాతీ అంటే నూనె రాసి మడత పెట్టి, మళ్లీ కాల్చేటప్పుడు ఇంకో స్పూన్ వేసి చేస్తారు. అలాంటివి 3 తిన్నారంటే 450 దాటుద్ది, పక్కన ఆలూ కుర్మా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఒక మోస్తరు ప్లేట్ అన్నం, 300 గ్రాములు వండినది, సుమారు 390. మరి ఎక్కడ తగ్గినట్టు? పుల్కాలు చేసుకుని రెండు తిని, పక్కన గిన్నెడు కూర, పప్పు తింటే అప్పుడు పనికొస్తది, ఎందుకంటే చపాతీని లెక్కపెట్టొచ్చు, అన్నాన్ని లెక్కపెట్టలేం. చపాతీకి ఉన్న అసలు గొప్పతనం అదొక్కటే.

కొర్రలు, అండుకొర్రలు, రాగులు కూడా ఇంతేనండి. పీచు బాగుంటది, రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువ, తినండి, నేనూ తింటా. కానీ క్యాలరీలు బియ్యానికి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి మిల్లెట్స్ కదా అని రెండు ప్లేట్లు తింటే తగ్గేదేం లేదు. రాగి జావ అయితే పిండి మెత్తగా ఉండి బాగా ఉడికి ఉంటది కాబట్టి కొంతమందికి షుగర్ తొందరగానే పెరుగుద్ది, తాగాక 2 గంటలకి ఒకసారి ఇంట్లో మెషిన్‌తో చూసుకుంటే మీ ఒంటి సంగతి మీకే తెలిసిపోద్ది.

మన భోజనంలో అన్నం ఎందుకు ఎక్కువైపోద్దో ఎప్పుడైనా ఆలోచించారా? మనం అన్నాన్ని విడతలుగా తింటాం. మొదట పొడో పచ్చడో, నెయ్యితో రెండు ముద్దలు, తర్వాత పప్పు, తర్వాత కూర, తర్వాత చారు, చివర్లో పెరుగు. ప్రతి విడతకీ కొంచెం అన్నం వేసుకుంటాం, కొంచెమే, కానీ 5 సార్లు. వడ్డించేవాళ్లు కూడా చారన్నంకి అన్నం లేకుండా ఊరుకోరు. కాబట్టి నేను చెప్పేది అన్నం మానేయమని కాదు, మొత్తం పూటకి కావాల్సిన అన్నం మొదట్లోనే ఒకేసారి ప్లేట్‌లో పెట్టేసుకోండి, ఒక కప్పు, కప్పున్నర, అందులోనే పప్పుకీ చారుకీ పెరుగుకీ పంచుకోండి, గిన్నె వంటింట్లోనే ఉండాలి, టేబుల్ మీదకి రాకూడదు. కూర మాత్రం అన్నంతో కలపడానికి నంజుకునేంత కాకుండా విడిగా గిన్నెలో వేసుకుని తినండి. ఎన్ఐఎన్ ప్లేట్‌లో రోజుకి కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు అని ఉంటది, మన ఇళ్లల్లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటది.

పప్పు రోజూ తింటున్నాం ప్రొటీన్‌కి ఢోకా లేదు అంటారు. 100 గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ 22 గ్రాముల దాకా ఉంటది, ఒక పూట దాన్నే టమాటా వేసి జారుగా వండి 4గురు పంచుకుంటే మనిషికి 5, 6 గ్రాములు వచ్చింది, అంటే ఒక గుడ్డుతో సమానం. మీ ఎత్తుకి తగ్గ బరువు లెక్కన చూసినా రోజుకి 55, 60 గ్రాములు కావాలి. కాబట్టి పప్పు కాస్త గట్టిగా వండమనండి, పొద్దున ఇడ్లీతో పాటు రెండు గుడ్లు, లేదా పెసరట్టు తక్కువ నూనెతో, మధ్యాహ్నం పెరుగు, సాయంత్రం బిస్కెట్లు మిక్చర్ బదులు ఉడికించిన శనగలో పెసలో, వారంలో రెండు మూడు సార్లు చేప లేక చికెన్, ఫ్రై కాకుండా పులుసు. కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే మాత్రం ప్రొటీన్ డాక్టర్‌ని అడిగే పెంచాలి.

ఇంతా చెప్పాక, మరి నడక దేనికి అని మీరడగొచ్చు. ఇక్కడే మేడమ్ గారితో నేను ఒప్పుకోను. బరువు ఒక ఖాతా, ఆరోగ్యం ఇంకో ఖాతా, నడిచిందంతా ఎక్కువగా రెండో దాంట్లో పడుద్ది, వెయింగ్ మెషిన్‌లో అది కనపడదు. దీనికి మన పక్క ఊర్లోనే మంచి రుజువు ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి టీమ్, షుగర్ ఇంకా రాలేదు గానీ అంచుల్లో ఉన్న 531 మందిని తీసుకుని కొందరికి నడక, తిండి మార్పు చెప్పి, కొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చి, కొందరికి మామూలు సలహా మాత్రమే ఇచ్చి 3 ఏళ్లు చూశారు, 2006లో రిజల్ట్స్ వచ్చాయి. మామూలు సలహా వాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది, నడక, తిండి మార్చుకున్నవాళ్లలో 39 శాతం మందికి వచ్చింది. ఇందులో నాకు నచ్చే విషయం ఏంటంటే వాళ్లలో చెప్పుకోదగ్గంత బరువేం తగ్గలేదు! బరువు అలాగే ఉంది, షుగర్ రావడం మాత్రం తగ్గింది. అమెరికాలో 2002లో ఇలాంటిదే పెద్ద స్టడీ, అక్కడ వారానికి 150 నిమిషాల వ్యాయామంతో పాటు 7 శాతం బరువు తగ్గడం టార్గెట్ పెట్టారు, షుగర్ రావడం 58 శాతం తగ్గింది. రెండు చోట్లా మనుషులు వేరు, పద్ధతి వేరు, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు గానీ బరువు పెద్దగా తగ్గకపోయినా నడక, తిండి మార్పుతో లాభమే, దానికి బరువు తగ్గడం కూడా తోడైతే ఇంకా లాభం అని మాత్రం నేను నా పేషెంట్లకి ధైర్యంగా చెప్తా.

ఎందుకలా అంటే, కండ పనిచేస్తున్నప్పుడు రక్తంలో గ్లూకోజ్‌ని ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లాక్కుంటది, నడక ఆపేశాక కూడా ఒక రోజు దాకా ఇన్సులిన్ మాట బాగా వింటది. అందుకే వారంలో ఒక రోజు 3 గంటలు నడిచి మిగతా రోజులు ఊరుకుంటే లాభం లేదు, రెండు రోజులు వరసగా గ్యాప్ రాకుండా చూసుకోమంటాం. మీకైతే నేను ఆ గంటని విడగొట్టమంటా. పొద్దున 35, 40 నిమిషాలు చాలు, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీస్ చుట్టూ 10 నిమిషాలు, రాత్రి తిన్నాక వీధిలోనో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఇంకో 10, 15. తిన్న వెంటనే నడిస్తే ఆ పూట షుగర్ పైకెక్కడం తగ్గుద్ది, పొద్దున పరగడుపున నడిచిన నడకకి ఆ పని అంత బాగా చేతకాదు. రాత్రి భోజనం చేసి వెంటనే ల్యాప్‌టాప్ తీసి యూఎస్ కాల్‌లో కూర్చునేవాళ్లకి ఇది కష్టమే, ఫోన్‌లోనే కాల్ అటెండ్ అవుతా నడవండి.

మనవాళ్లకి ఇంకో గొడవ ఉంది, పైకి సన్నగానే కనపడతాం, లోపల కొవ్వు ఎక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్ తన ఫొటో, తెల్లజాతి డాక్టర్ ఫ్రెండ్ యుడ్కిన్ ఫొటో పక్కపక్కన వేశారు, ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) ఒకటే, 22.3, కానీ కొవ్వు శాతం యుడ్కిన్‌కి 9.1 ఉంటే యాజ్ఞిక్‌కి 21.2. అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే ఓవర్ వెయిట్, 25 దాటితే ఒబేసిటీ కింద లెక్కేస్తారు. మీది 28 దాటింది. అయినా బీఎంఐ కంటే నేను టేప్‌నే నమ్ముతా. షర్ట్ తీసి, చివరి పక్కటెముకకీ నడుం ఎముకకీ మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవండి, ప్యాంట్ సైజు చెప్తే కుదరదు, ఆ ప్యాంట్ బొజ్జ కింద కడతారు. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. నెలకోసారి రాసుకోండి. 4 నెలల్లో కిలోన్నరే తగ్గినా బెల్ట్ ఒక రంధ్రం లోపలికి వెళ్లి ఉంటే మీకు మంచి జరిగినట్టే.

జిమ్ విషయంలో మేడమ్ గారి మాటలో సగం పాయింట్ ఉంది. 40 దాటాక కండ తగ్గుతా వస్తది, దానికి తోడు తిండి తగ్గించి బరువు తగ్గితే పోయేదాంట్లో పావు వంతు దాకా కండే ఉంటది. ఈ మధ్య బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడేవాళ్లకి కూడా మేం ఇదే మొత్తుకునేది. కాబట్టి బరువులతో చేసే వ్యాయామం వారానికి 2 రోజులు కావాలి, డబ్ల్యూహెచ్‌ఓ కూడా 150 నిమిషాల నడకతో పాటు ఇది విడిగా చెప్పింది. దీనికి ఏడాది ఫీజు కట్టేసి సంక్రాంతి తర్వాత మానేసే జిమ్మే అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా 12 సార్లు లేచి కూర్చోండి, గోడకి చేతులు ఆనించి పుషప్స్, రెండు చేతుల్లో 5 కిలోల డంబెల్స్ పట్టుకుని లాగడం ఎత్తడం, ఒక్కోటి 3 విడతలు, 25 నిమిషాల్లో అయిపోద్ది. ఈజీగా అనిపించిన వారం బరువు పెంచాలి, పెంచకపోతే అక్కడే ఆగిపోద్ది. జిమ్‌కి వెళ్తే ఇంకా మంచిది, కానీ ప్రొటీన్ డబ్బా కొనమంటే ముందు గుడ్లూ పప్పూ సరిచేసుకుని తర్వాత చూద్దాం అనండి.

ఫ్రెండ్ చెప్పిన కొబ్బరినూనె డైట్. తగ్గరు అని నేను అనను, తగ్గినవాళ్లని చూశా, షుగర్ నార్మల్‌కి వచ్చినవాళ్లనీ చూశా. మొదటి వారంలో పోయే 3 కిలోలు మాత్రం ఎక్కువ శాతం నీళ్లే, లివర్లో కండలో దాచిన గ్లైకోజెన్ (నిల్వ పెట్టుకున్న గ్లూకోజ్) గ్రాముకి 3 గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటది, అన్నం ఆపగానే ఆ రెండూ పోతాయి, మళ్లీ ఒక పెళ్లి భోజనం చేసి వస్తే రెండు రోజుల్లో తిరిగొస్తాయి. మిగతాది నిజమైన కొవ్వే, కానీ 3 నెలల తర్వాత ఏం తింటారు అనే ప్రశ్నకి ఆ డైట్ చేసిన చాలామంది దగ్గర జవాబు ఉండదు, అక్కడ మొత్తం వెనక్కి వస్తది. కొబ్బరినూనె గ్లాసులతో తాగితే చెడ్డ కొలెస్ట్రాల్ కూడా పెరగొచ్చు, లిపిడ్ టెస్ట్ చేయించకుండా నెలల తరబడి చేయొద్దు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా షుగర్ మందులు వాడుతుంటే జాగ్రత్త: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడుతూ ఒక్కసారిగా అన్నం ఆపితే లో షుగర్ వచ్చి పడిపోతారు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతూ ఆపితే రక్తంలో కీటోన్లు పెరిగి ఐసీయూ దాకా పోవచ్చు. డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు, మొహమాటం వద్దు.

మరి ఎంత తగ్గాలి అంటే, 68 కిలోలకి రావాలని ఇప్పుడే కలలు కనకండి. మొదటి బరువులో 5 శాతం, అంటే 4 కిలోలు తగ్గితే లివర్లో కొవ్వు తగ్గడం మొదలవుద్ది, 7 నుంచి 10 శాతం, అంటే 6 నుంచి 8 కిలోలు తగ్గితే లివర్ వాపు కూడా తగ్గే ఛాన్స్ ఉంది. నెలకి కిలో, కిలోన్నర స్పీడ్‌లో వెళ్లండి. రోజూ మెషిన్ ఎక్కితే పిచ్చెక్కుద్ది, ముందు రోజు ఆవకాయ, బిర్యానీ తింటే ఉప్పుకి నీళ్లు పట్టి పొద్దున కిలో ఎక్కువ చూపిస్తది, అది కొవ్వు కాదు. వారానికి ఒక రోజు, పొద్దున బాత్రూమ్ అయ్యాక, అంతే. హెచ్‌బీఏ1సీ మళ్లీ 3 నెలల తర్వాతే చేయించండి, నెలకే చేయిస్తే పాత ఎర్రకణాల లెక్కే ఎక్కువ కలుస్తది.

మీరు రాయని విషయాలు కొన్ని ఉన్నాయి, అవి చెప్తే ఇంకా కరెక్ట్‌గా చెప్పగలను. బీపీ, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు), లివర్ టెస్ట్ ఎస్‌జీపీటీ, థైరాయిడ్ ఎంత ఉన్నాయి, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, గురక ఉందా, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా. వీకెండ్ మందు అలవాటు ఉంటే అది కూడా దాచకుండా రాయండి, 60 ఎంఎల్ విస్కీలోనే 130 క్యాలరీలు ఉంటాయి, పక్కన పల్లీలు, చికెన్ పకోడీ వేరే లెక్క. ఫ్యాటీ లివర్ ఉన్నప్పుడు నేను నూనె క్యాన్ కంటే ముందు అడిగేది అదే.